పుట్ట లేని చోట గొడుగులు

మొదటి రోజు: నరకం రేవు

లీమాలో ఎక్కిన విమానం కుస్కోలో ఒకసారి దిగి లేచి, మంచుకొండల మీదుగా తూర్పుకు తిరిగింది. కాసేపటికి కొండలు అయిపోయాయి. ఇక కిటికీలో కనిపించినదంతా పచ్చదనమే. ఆ పచ్చదనం మధ్య అక్కడక్కడా గజ్జి సోకినట్టు మట్టిరంగు గుంటలు, వాటిలో మురికి నీళ్లు. "బంగారం తవ్విన చోట్లు," అంది వదిన. పెరూలోని ఈ మాద్రె దె దియోస్ ప్రాంతంలో నదుల ఒండ్రులో బంగారు రేణువులుంటాయి. వాటిని పోగుచేయడానికి పాదరసం వాడతారు. అది నదిలోకి, నదిలోంచి చేపలోకి, చేపలోంచి మనిషిలోకి చేరుతుంది. ఉన్నన్నాళ్లూ చేప ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. (మూడో రోజు మధ్యాహ్నం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప అది. ఏం చేయను?)

ప్వెర్తో మాల్దొనాదోలో విమానం తలుపు తెరవగానే మా రాజమండ్రి ఉక్కపోత ముఖాన తడిగుడ్డలా పడింది. ఫిబ్రవరి నెల, నడి వానాకాలం. పుట్టగొడుగులు చూడటానికి వచ్చిన మేం కోరుకున్నదీ అదే. ఊళ్లో తిరిగే మూడుచక్రాల బళ్లలో కొన్నింటి వెనక బజాజ్ అని రాసి ఉంది. ప్రపంచం చివరికి వచ్చామనుకుంటే మన ఆటో ముందే వచ్చి నిలబడింది.

మేమిద్దరం ఇంత దూరం రావడానికి కారణం వదినే. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. అగారికస్ అనే పుట్టగొడుగు నిలువుకోత బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. అడవిలో ఒక గొడుగు ముందు మోకాళ్ల మీద కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు. వదిన లెక్కల మనిషి. అన్నయ్యతో న్యూజెర్సీ వెళ్లి స్థిరపడి, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, ఆదివారాలు అక్కడి పుట్టగొడుగుల బృందంతో అడవులు తిరగడం మొదలుపెట్టింది. స్పానిష్ కూడా నేర్చుకుంది. "అమ్మాయీ, బొమ్మలు వేసింది చాలు, వచ్చి చూడు," అని ఏడాది పాటు ఫోనులో పోరి, చివరికి లాక్కొచ్చింది.

పడవ ఎక్కే రేవు ఉన్న ఊరి పేరు ఇన్‌ఫియెర్నో. అంటే నరకం. ఎసె ఎహా అనే మూలవాసుల ఊరు అది. పేరు ఎలా ఉన్నా మనుషులు చల్లగా ఉన్నారు. ఒక అమ్మాయి నాకు కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చింది. రేవులో ఒక గోధుమరంగు కుక్క నీడ కోసం మా సామాను కింద దూరింది. అక్కడి నుంచి తంబోపాతా నది మీద ఎదురీదుతూ వెళ్లాలి. నది నిండుగా, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో, చెట్ల మొద్దుల్ని మోసుకుంటూ పారుతోంది.

మా గైడు యాభై దాటిన మనిషి. మేం దేని కోసం వచ్చామో వదిన చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. అందరూ చిలకల కోసం, జాగ్వార్ల కోసం వస్తారట. "కయ్యాంపా కోసం వచ్చినవాళ్లు తక్కువ," అన్నాడు. కయ్యాంపా అంటే పుట్టగొడుగు. కెచువా భాషలోంచి స్పానిష్‌లోకి వచ్చిన మాట. చిలీలో రాత్రికి రాత్రి లేచే మురికివాడల్ని కూడా కయ్యాంపాలనే అంటారని వదిన చెప్పింది. మనం పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయని కోచింగ్ సెంటర్లను అంటాం, అంతే తేడా.

రెండో రోజు: పౌడరు డబ్బా అద్దం

తంబోపాతా అభయారణ్యం 2000లో ఏర్పడింది. విస్తీర్ణం 2,74,690 హెక్టార్లు. మేం దిగిన లాడ్జి దాని అంచున ఉంది. గైడు పొద్దున్నే షరతు చెప్పాడు: చూడవచ్చు, ఫొటో తీయవచ్చు, కోయకూడదు. నమూనాలు సేకరించాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. మా దగ్గర లేదు.

లాడ్జివాళ్లు ఇచ్చిన రబ్బరు బూట్లు వేసుకుని బయలుదేరాం. మొదటి గంటలో మేం నడిచిన దూరం బహుశా వంద గజాలు. నేను పెద్ద పెద్ద గొడుగుల్ని ఊహించుకుని వచ్చాను. అంత పెద్ద అడవి కదా, దానికి తగ్గ గొడుగులు ఉండాలనుకున్నాను. కనిపించినవన్నీ వేలిగోరంత, మినపగింజంత, కొన్ని ఆవగింజంత. దీనికి కారణం ఉంది, అది నాకు తెలిసి ఉండాల్సింది కూడా. చల్లని దేశాల్లో ఓక్, పైన్ లాంటి చెట్ల వేళ్లను తొడుగులా చుట్టుకుని బతికే శిలీంధ్రాలే నేల మీద పెద్ద గొడుగుల్ని ఎత్తుతాయి. ఈ పల్లపు అడవుల్లో ఎక్కువ చెట్ల వేళ్లలో ఉండేది మరో రకం. అది వేరు కణాల లోపలే కాపురం పెడుతుంది, గొడుగు ఎత్తదు. కాబట్టి ఇక్కడ మనకు కనిపించేవి ఎక్కువగా రాలిన ఆకుల్నీ, పడిపోయిన మానుల్నీ తిని బతికేవి. ఒక ఆకు మీద బతికేదానికి ఆకుకు తగ్గ గొడుగే వస్తుంది.

అలాంటిదొకటి దగ్గరగా చూశాం. కుళ్లుతున్న ఒక ఆకు ఈనె మీద వరుసగా ఏడు. కాడ నల్లగా, తలవెంట్రుక కంటే కొంచెం మందం, పట్టుకుంటే తీగలా బిరుసు. పైన నారింజ రంగు టోపీ, పెళ్లిపందిరి గుడ్డలా మడతలు మడతలుగా. వదిన చేతిసంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. అడవిలో సింగారమేమిటని నేను అడిగే లోపే డబ్బా మూత తెరిచి, లోపలి అద్దాన్ని గొడుగు కిందకు నెమ్మదిగా జరిపింది. కోయకుండా, కదపకుండా అడుగుభాగం అద్దంలోకి వచ్చింది. ఎడం ఎడంగా తెల్లని రెక్కలు, లెక్కపెడితే పద్నాలుగు. వాటిని కాడ దగ్గర కలుపుతూ చిన్న కంటె. ముప్పై ఏళ్లు నేను బల్ల మీద గీసిన గీతలన్నీ ఆ పౌడరు అద్దంలో ఊపిరి పోసుకుని కనిపించాయి. కాసేపు నాకు మాట రాలేదు.

"మరాస్మియస్," అన్నాను చివరికి. ప్రజాతి (జీనస్) వరకు ధైర్యంగా చెప్పగలను. ఎండిపోయి ముడుచుకున్నా వాన తగలగానే మళ్లీ విచ్చుకునే ప్రజాతి అది. వదిన ఫోనులోని యాప్ మాత్రం ఆగలేదు, జాతి పేరు కూడా చెప్పేసింది. మరో కోణంలో ఫొటో తీస్తే మరో పేరు, అంతే నమ్మకంగా. ఉష్ణమండలపు మరాస్మియస్‌లలో చాలావాటిని మైక్రోస్కోపు లేకుండా విడదీయలేం. నేను నోటుపుస్తకంలో "మరాస్మియస్, జాతి తెలియదు" అని రాసి, ఏ ఆకు మీద ఉందో, నేలకు ఎంత ఎత్తులో ఉందో, కాడ రంగు ఎక్కడ మారుతోందో పక్కన రాశాను. వాసన చూశాను, వాసన లేదని కూడా రాశాను. పరీక్ష పేపర్లో ఇలా రాసిన పిల్లలకు నేను ఎన్ని మార్కులు కోసి ఉంటానో!

ఈ మరాస్మియస్‌లలో కొన్ని గుర్రపు వెంట్రుకల్లాంటి నల్లని దారాలను కొమ్మ నుంచి కొమ్మకు అల్లుకుంటూ పోతాయి. పిట్టలు వాటిని ఏరుకెళ్లి గూళ్లలో పేనుకుంటాయని గైడు చెప్పి, ఒక పాతగూడు చూపించాడు. బ్రెజిల్ వైపు యానోమామీ అనే మూలవాసుల స్త్రీలు ఇలాంటి దారాలనే బుట్టల అల్లికలో నల్లని చారలుగా వేస్తారు. వాళ్లు దాన్ని పెరిసి అంటారు. శాస్త్రజ్ఞులు ఈమధ్యే దానికి మరాస్మియస్ యానోమామి అని పేరు పెట్టారు.

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే దారికి అడ్డంగా పడిన కొమ్మ మీద కుకీనాలు. ఇవి గొడుగులు కావు, గిన్నెలు. కుంకుమభరిణె అంత ఉండి, లోపల గులాబీ, అంచున తెల్లని నూగు. కొన్నింటిలో వాననీరు నిలిచి ఉంది. గైడు నీరు లేని ఒక గిన్నె ముందు వంగి మెల్లగా ఊదాడు. క్షణం తర్వాత అందులోంచి సన్నని పొగ లేచింది. సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రాల విత్తనాల్లాంటివి! తాకిడి తగలగానే వేల సంచులు ఒక్కసారి పగిలి బీజాల్ని పైకి చిమ్ముతాయి. నేను ఊదితే ఏమీ రాలేదు. ఆ గిన్నె అప్పటికే ఖాళీ అయిపోయిందని ఆయన నన్ను ఓదార్చాడు.

మూడో రోజు: వాన

రాత్రి మొదలైన వాన ఆగలేదు. తాటాకు కప్పు కింద ఊయలల్లో పడుకుని వదిన చెప్పే కబుర్లు విన్నాను. ఉత్తరాన ఈక్వెడార్‌లో లోస్ సెద్రోస్ అనే మబ్బు అడవి ఉంది. అందులో గని తవ్వడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతుల్ని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం 2021 నవంబరులో కొట్టేసింది. వాళ్ల 2008 రాజ్యాంగంలో ప్రకృతికే హక్కులున్నాయి. ఆ అడవి శిలీంధ్రాలకు కూడా పేరున్న చోటు. విమానంలోంచి చూసిన మట్టిగుంటలు గుర్తొచ్చి, ఇద్దరం కొంచెంసేపు వాననే విన్నాం.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. వంటింటి వెనక గడ్డిలో, నిన్న ఏమీ లేని చోట, ఆరు తెల్లని గొడుగులు. ఇవి నేను ఊహించుకున్నలాంటివి. విస్తరాకు అంత కాకపోయినా, అరచేతికంటే పెద్దవి. తెల్లని టోపీ మీద గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందకీ జరిపితే జరిగే ఉంగరం. వదిన గడ్డిలో కూలబడిపోయింది.

"అమ్మాయీ, ఇవి మా అమ్మ వండేవే!"

వదినది పార్వతీపురం వైపు. తొలకరి పడ్డాక వాళ్ల అమ్మగారు పుట్టల మీద మొలిచిన గొడుగుల్ని తెచ్చి, మిరియాలు, ఉల్లిపాయ వేసి వండేవారట. ఆ వాసన యాభై ఏళ్ల తర్వాత ఈ గడ్డిలో దొరికిందని వదిన అంటుంటే కాదనడానికి నాకు నోరు రాలేదు. గొడుగు కింద రెక్కలు తెల్లగా ఉన్నాయి. యాప్ తినదగినదని చెప్పింది. వదిన కళ్లు కూడా అదే చెబుతున్నాయి.

"ఒక్క రాత్రి ఆగు వదినా. అచ్చు తీద్దాం," అన్నాను.

ఇది లాడ్జి పెరడు, అడవి కాదు. గైడు వాళ్లనడిగి ఒకదాన్ని కోసుకోనిచ్చాడు. అచ్చు తీయడం తెలిసినవాళ్లకు కొత్త కాదు గాని, ఎంత తేలికో చెప్పాలి. కాడ కోసేసి, టోపీని రెక్కలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టాలి. కాగితం సగం నలుపు, సగం తెలుపు ఉండాలి, బీజాల రంగు ఏదైనా ఒక సగంలో కనబడటానికి. పైన ఒక నీటిచుక్క వేసి, గాలి తగలకుండా ఏదైనా బోర్లించాలి. వదిన ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళ్లే స్టీలు గిన్నె అందుకు పనికొచ్చింది.

నాలుగో రోజు: చీమల సేద్యం

తెల్లవారకముందే వదిన లేచి నన్ను కుదిపింది. టార్చి వెలుగులో గిన్నె ఎత్తాం, టోపీ ఎత్తాం. కాగితం మీద ముగ్గు వేసినట్టు నడిమి నుంచి అంచుకు సన్నని గీతలు, ఒక్క గీత కూడా తప్పకుండా. తెల్ల సగం మీద ముగ్గు రంగు ఆకుపచ్చ. నూతి గట్టు మీది పాచిలాంటి బూడిదపచ్చ.

క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. గొడుగుల్లో పచ్చని బీజాలు రాల్చేవి చాలా అరుదు. పెద్ద పెద్ద గొడుగుల్లో ఇదొక్కటే అనుకోవచ్చు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. లేతగా ఉన్నప్పుడు రెక్కలు తెల్లగానే ఉంటాయి, అందుకే మోసపోతారు. వదిన ఉండే అమెరికాలో పుట్టగొడుగులు తిని జబ్బుపడేవాళ్లలో చాలామంది దీని బాధితులే. మన ఊళ్లలో పార్కుల గడ్డిలోనూ మొలుస్తుంది. అయితే శాస్త్రం దాన్ని మొదట గుర్తించింది ఈ ఖండంలోనే. గయానాలోని ఎసెకీబో నది ప్రాంతం నుంచి 1818లో మేయర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అంటే ఇది మా ముందు నుంచే ఈ ఖండపు గొడుగు. పార్వతీపురం చుట్టరికం మేం కలుపుకున్నది.

వదిన చాలాసేపు కాగితాన్ని చూస్తూ కూర్చుంది. "మా అమ్మ ఎప్పుడూ అచ్చు తీయలేదే," అంది. "పుట్ట మీద మొలిచిందా, కాడ పుట్ట లోపలికి వేరులా దిగిందా, అంతే చూసేది."

ఆ పరీక్షను నమ్మి తినమని నేను ఎవరికీ చెప్పను. కాని అందులో ఉన్న తెలివి చిన్నది కాదు. మన చెదపురుగుల్లో కొన్ని పుట్ట లోపల శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. నమిలిన పుల్లల మీద దాన్ని పెంచి, తింటాయి. తొలకరికి ఆ శిలీంధ్రమే, టెర్మిటోమైసిస్, పుట్టను చీల్చుకుని పైకి గొడుగెత్తుతుంది. పుట్టగొడుగు అన్న మాట పుట్టింది అక్కడే. మనం ఆ పేరును ప్రతి గొడుగుకూ తగిలించుకున్నాం. మరి ఇక్కడ? శిలీంధ్రాన్ని సాగు చేసే చెదపురుగులు ఆఫ్రికాలో, ఆసియాలో తప్ప లేవు. ఈ అడవిలో చెదలకు కొదవ లేదు, చెట్ల కొమ్మల మీద కుండల్లాంటి నల్లని గూళ్లు కడుతుంటాయి. వాటి మీద గొడుగు మొలవదు. వదినవాళ్ల అమ్మగారి పరీక్ష పెట్టడానికి ఇక్కడ పుట్టే లేదు.

టిఫిను దగ్గర ఇదంతా వదిన గైడుకు స్పానిష్‌లో చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మీ చెదలు చేసే పని ఇక్కడ చీమలు చేస్తాయి, పదండి," అన్నాడు.

ఆకుకోత చీమల బారు దాటడానికి ఒక చోట మేం పెద్ద అంగ వేయాల్సి వచ్చింది. అడవి నేల మీద జానెడు వెడల్పున చీపురుతో ఊడ్చినట్టున్న బాట. దాని మీద ఆకుముక్కలు నిలబడి నడుస్తున్నాయి. ఒక్కో ముక్క కింద ఒక చీమ. కొన్ని ముక్కల మీద ఇంకా చిన్న చీమలు ఎక్కి కూర్చున్నాయి. సోమరులనుకున్నాను. కాదు, మోసే చీమ నెత్తిన గుడ్డు పెట్టడానికి వచ్చే ఈగల్ని అవి కాపలా కాస్తాయట. ఈ ఆకుల్ని చీమలు తినవు. లోపలికి తీసుకెళ్లి, నమిలి ముద్ద చేసి, దాని మీద శిలీంధ్రాన్ని పెంచుతాయి. 1874లో థామస్ బెల్ట్ నికరాగ్వాలో వీటిని చూసి ఈ మాట అన్నాడు. తర్వాత ఆల్ఫ్రెడ్ మ్యోలర్ బ్రెజిల్‌లోని బ్లూమెనావులో ఆ శిలీంధ్రాన్ని దగ్గరగా పరిశీలించి 1893లో ప్రచురించాడు. శిలీంధ్రపు పోగుల చివర్లు చీమల కోసమే గింజల్లా ఉబ్బుతాయి. వాటినే కోసి లార్వాలకు పెడతాయి.

నది ఒడ్డున వరద కోసేసిన గట్టులో ఒక గది బయటపడి ఉందని గైడు తీసుకెళ్లాడు. కొబ్బరికాయ పట్టేంత గుల్లలో బూడిదరంగు స్పాంజి ముక్క. దాని మీద బియ్యప్పిండి అద్దినట్టు తెల్లని పొడి. నేను భూతద్దం పెట్టాను. ఆ పిండి పిండి కాదు, గుత్తులు గుత్తులుగా మెరిసే బుడిపెలు. నువ్వుగింజలో పదో వంతు ఉండే చీమలు వాటి మధ్య తిరుగుతూ ఏరివేత చేస్తున్నాయి. గది సగం నదిలో కలిసిపోయింది, మిగిలిన సగంలో పని ఆగలేదు. వెల్లుల్లి కాదు, పులిసిన పిండి కాదు, రెండింటికీ మధ్య ఉండే ఒక వాసన. పుస్తకంలో ఆ వాసనకు మాట వెతకడానికి పావుగంట పట్టింది.

నాకు అన్నింటికంటే నచ్చింది రాణి సంగతి. కొత్త గూడు పెట్టడానికి ఎగిరేటప్పుడు పిల్లరాణి నోట్లోని చిన్న సంచిలో పుట్టింటి శిలీంధ్రపు ముక్క పెట్టుకుని వెళ్తుంది. ఎక్కడ దిగితే అక్కడ దాన్ని ఉమ్మి, తోట మొదలుపెడుతుంది. కొత్త కాపురానికి వెళ్లే పిల్ల పెరుగులోకి తోడు పట్టుకెళ్లినట్టు. 5 కోట్ల ఏళ్లకు పైగా చీమలు ఇలా తోడు వేసుకుంటూనే ఉన్నాయి. ఈ మాట చెబితే గైడుకు తోడంటే ఏమిటో వివరించడానికి వదినకు చెమటలు పట్టాయి.

మరి ఈ తోటలో గొడుగు మొలవదా? దాదాపు మొలవదు. మ్యోలర్‌కు దొరికింది, అలా దొరకడం అరుదు. మన చెదల తోట ఏటా గొడుగెత్తి ఊరందరికీ చెబుతుంది. చీమల తోట నోరు విప్పదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక గైడు మమ్మల్ని మళ్లీ అడవిలోకి తీసుకెళ్లి, టార్చీలు ఆర్పమన్నాడు. అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. కప్పలు, కీచురాళ్లు, ఎక్కడో నీటి చప్పుడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఇక వెళ్దామని వదిన చెయ్యి పట్టుకోబోతుంటే పాదాల దగ్గర నేల మాసినట్టు తెల్లబడింది. తేరిపార చూస్తే మాయమవుతుంది, పక్కకు చూస్తే వస్తుంది. పుచ్చిన కొమ్మ ఒకటి, దాని చుట్టూ ఆకులు, సన్నని పచ్చవెలుగుతో. కెమెరాకు అందలేదు. అందకపోతేనేం.

1839 డిసెంబరులో బ్రెజిల్‌లోని నాతివిదాదె ఊళ్లో ఒక రాత్రి జార్జ్ గార్డ్‌నర్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు వీధిలో పిల్లలు వెలిగే వస్తువుతో ఆడుకుంటుంటే మిణుగురనుకున్నాడు. చూస్తే పుట్టగొడుగు. తాటిజాతి చెట్ల మొదట్లో మొలిచే దాన్ని అక్కడివాళ్లు ఫ్లోర్ దె కోకో, కొబ్బరిపువ్వు, అనేవారు. ఇప్పుడు దాని పేరు నియోనోథోపానస్ గార్డ్‌నెరి. పిల్లల చేతిలోంచి తీసుకున్నాడు కాబట్టి పేరులో సగం వాళ్లకు చెందాలని నా అభిప్రాయం.

మా కొమ్మ మీద వెలిగింది మాత్రం గొడుగు లేని ఉట్టి శిలీంధ్రజాలం. నోటుపుస్తకంలో మళ్లీ అదే మాట: తెలియదు.

ఐదో రోజు: ఊయల

నా కడుపు తిరగబడింది. పుట్టగొడుగు తినలేదని మాత్రం ప్రమాణం చేయగలను. రోజంతా ఊయలలో పడుకుని ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగాను. సరిగ్గా ఆ రోజే వదినకు ఒఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం పట్టిన చీమ దొరికింది. ఒక ఆకు అడుగున ఈనెను దవడలతో కరిచి పట్టుకుని చచ్చిన గండుచీమ. తల వెనక నుంచి సన్నని కాడ, కాడ మీద ఒక గడ్డ. శిలీంధ్రం బతికున్న చీమను తనకు అనువైన చోటికి నడిపించి, కరిపించి, అప్పుడు చంపుతుంది. ఫొటోలు అన్నీ చక్కగా వచ్చాయి. వదిన పదే పదే చూపించింది. నేను పదే పదే చూశాను. ఫొటోలో చూసినదాన్ని పుస్తకంలో రాయలేదు.

ఆరో రోజు: మేలిముసుగు, కుక్క

పడవ తొమ్మిదింటికి. ఆరింటికే గైడు తలుపు తట్టాడు. లాడ్జి వెనక వెదురు పొద దగ్గర నిన్న సాయంత్రం ఆయన ఒక గుడ్డు చూసి పెట్టుకున్నాడట. మేం వెళ్లేసరికి గుడ్డు పగిలి, తెల్లని గుల్లకాడ జానెడు లేచి ఉంది. తల మీద ఆకుపచ్చని జిగురు. దాని కింది నుంచి పావడా అంచులా వల జారుతోంది. మేం నిలబడి ఉండగానే జారింది. కళ్లతో పట్టుకోలేం గాని, ఒకసారి వాచీ చూసుకుని మళ్లీ చూస్తే వేలెడు కిందకు వచ్చి ఉంటుంది. గంటలో నేలను తాకింది. నల్లపూసల దండ అల్లినట్టు ఒక్కో గడీ విడివిడిగా, తెల్లగా.

అంత అందం చూసి దగ్గరికి వంగితే చచ్చిన ఎలుక కంపు. ఈగలు అప్పటికే వచ్చేశాయి. జిగురులోనే బీజాలుంటాయి. ఈగలే వాటిని మోసుకెళ్తాయి, గాలితో దీనికి పని లేదు. 1798లో వాంతెనా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సురినామ్ నుంచి వచ్చిన నమూనాతో దీనికి ఫాలస్ ఇండూసియేటస్ అని పేరు పెట్టాడు. చైనాలో ఆ జిగురు తీసేసి, ఎండబెట్టి, పులుసులో వేసుకుంటారు. ఆరు రోజుల్లో జాతి పేరుతో సహా నేను ధైర్యంగా రాసినవి తక్కువ. ఇది రాసేటప్పుడు మాత్రం కొట్టివేతలు లేవు.

తిరుగు పడవలో పుస్తకం లెక్క తీశాను. మొత్తం 63 నమోదులు. జాతి దాకా పేరు ఉన్నవి 9. ప్రజాతి దగ్గర ఆగినవి 22. మిగిలిన 32 ఎదురుగా "తెలియదు". వదిన లెక్క సరిచూసి, సరిపోయిందంది.

గైడు పడవ ముందు కూర్చుని తన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. కాసేపటికి వెనక్కి వచ్చి చూపించాడు. స్పానిష్ అక్షరాల్లో: పుత్త గోదుగు. పక్కన అర్థం, చెదల గుట్ట గొడుగు. పలికించుకున్నాడు, రెండుమూడుసార్లకు దారికొచ్చింది.

"మరి గుట్ట మీద మొలవని వాటిని ఏమంటారు?"

"వాటినీ పుట్టగొడుగులే అంటాం," అంది వదిన.

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. వదినకు మన పరువు నిలబెట్టాలనిపించినట్టుంది. తినకూడని వాటికి వేరే మాట ఉందని, కుక్కగొడుగు అంటామని చెప్పింది. ఆయన అది కూడా రాసుకున్నాడు. అర్థం అడిగి, వదిన చెప్పగానే కలం ఆపి, కుక్కకూ దానికీ సంబంధమేమిటన్నాడు. వదిన నావైపు చూసింది. వృక్షశాస్త్రం చెప్పినదాన్ని నేను కదా. నాకూ తెలియదన్నాను.

నరకం రేవు వచ్చింది. సామాను దించుతుంటే చినుకులు మొదలయ్యాయి. మొదటి రోజు చూసిన గోధుమరంగు కుక్క మళ్లీ వచ్చి, గట్టున తెరిచి పెట్టిన వదిన గొడుగు కింద పడుకుంది. గైడు మమ్మల్ని పిలిచి, కుక్కను చూపించి, గొడుగును చూపించి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, "కుక్కగొడుగు?" అని అడిగాడు.